పరీక్షకి సున్నా, గదికి ఇరవై

జూన్ 3, సోమవారం

నిర్ణయం తీసేసుకున్నాను. ఇకనుంచి నా మెడికల్ ఫిజిక్స్ క్లాసులో బట్టీకి మార్కుల్లేవు. అర్థమైతేనే మార్కు! నిర్వచనాలు అడగను. సూత్రాలు అడగను. "ఎందుకు?" అని మాత్రమే అడుగుతాను. వచ్చే నెల ఈ మహానుభావులంతా ట్రైనింగుకని ఆసుపత్రికి వెళ్లి, మనుషుల్ని బల్ల మీద పడుకోబెట్టి ఎక్స్‌రే మీట నొక్కుతారు. బుర్రలో ఏముందో ఇప్పుడు చూడకపోతే ఇంకెప్పుడు చూస్తాం?

మా ఆవిడకి చెప్పాను. "పోయినేడాది కూడా ఇదే అన్నారు" అంది. పోయినేడాది అన్నది వేరు.

జూన్ 5, బుధవారం

మొదటి పరీక్ష. ఒకటే ప్రశ్న. ఎక్స్‌రే యంత్రం కట్టేశాక గదిలో కిరణాలు ఎంతసేపు ఉంటాయి? ఎందుకు?

లైటు ఆర్పాక వెలుతురు ఎంతసేపుంటుంది అని అడిగినట్టే. అస్సలుండదు. మరీ పసిపిల్లల ప్రశ్న ఇచ్చానేమోనని జాలేసింది కూడా.

జూన్ 6, గురువారం

జాలి వెనక్కి తీసుకుంటున్నాను.

ఒకడు ఐదు నిమిషాలన్నాడు. ఒకమ్మాయి కిటికీ తెరిస్తే త్వరగా పోతాయంది. ఇంకొకడు ఫ్యాను వెయ్యమన్నాడు. కిరణాలనుకున్నాడా, సిగరెట్టు పొగనుకున్నాడా?

ఇక క్యాసెట్ గారు. క్లాసు ఫస్టు. ఏ పేజీ అడిగితే ఆ పేజీ కామాలతో సహా అప్పజెబుతాడని ఆ పేరు నేనే పెట్టాను. ఆయన హాఫ్‌లైఫ్ సూత్రం వేశాడు! రేడియోధార్మిక పదార్థం సగానికి తగ్గడానికి ఎంతకాలం పడుతుందో లెక్కగట్టే సూత్రం అది. ఎక్స్‌రే యంత్రానికీ దానికీ స్నానప్రాప్తి కూడా లేదు. అయినా శుభ్రంగా లెక్క చేసి, జవాబు కింద రెండు గీతలు గీశాడు. ఇరవై నిమిషాలట. కూడికలో, తీసివేతలో ఒక్క తప్పు లేదు.

అందరికీ సున్నా. క్యాసెట్‌కి పెద్ద సున్నా.

జూన్ 10, సోమవారం

ప్రిన్సిపాల్ పిలిచాడు.

"ఒకడికి సున్నా వస్తే వాడి తప్పు మాస్టారూ. అందరికీ వస్తే ఎవరి తప్పంటారు?"

"వీళ్లకి అర్థం కావట్లేదు సార్."

"అర్థమవడం సిలబస్‌లో ఉందా?"

ఈయనకి ఫిజిక్స్‌లో డాక్టరేట్ ఉందని గది బయట బోర్డు మీద రాసుంది. నోరు మూసుకుని వచ్చేశాను. భయపడి కాదు. అలాంటివాళ్లతో వాదన దండగ.

జూన్ 12, బుధవారం

చిన్న సవరణ. ప్రశ్న అదే. నాలుగు జవాబులిచ్చి, సరైనదానికి టిక్కు పెట్టమన్నాను. ఇది తగ్గడం కాదు, పద్ధతి మార్చడం.

సగంమంది 'పైవన్నీ'కి టిక్కు పెట్టారు. కిరణాలు ఐదు నిమిషాలుంటాయి, ఇరవై నిమిషాలూ ఉంటాయి, అస్సలుండవు కూడా! ధన్యుణ్ణి.

జూన్ 17, సోమవారం

గొంతు బాగాలేదు. పైగా ఉక్క. ప్రశ్న బోర్డు మీద రాసి, కింద జవాబు కూడా రాసేశాను: "సున్నా సెకన్లు. యంత్రం ఆగిన క్షణమే కిరణాలు పుట్టడం ఆగుతుంది. ఉన్నవి గోడల్లో ఇంకిపోతాయి."

ఈ ఒక్కసారికే. అయినా అర్థం చేసుకోవాలంటే ముందు జవాబంటూ తెలిసుండాలి కదా.

జూన్ 19, బుధవారం

అందరూ పాస్! క్యాసెట్ నా ఫుల్‌స్టాపులు కూడా వదల్లేదు. ఫుల్ మార్కులు వేశాను. ప్రిన్సిపాల్ టీ ఇప్పించాడు, బిస్కెట్లతో. అర్థమయ్యేలా చెబితే ఎవరికైనా అర్థమవుతుంది. చెప్పేవాడుండాలి, అంతే.

జూలై 8, సోమవారం

పొద్దున అత్తగారు మెట్ల మీద జారారు. చీలమండ వాచింది. ఆసుపత్రికి తీసుకెళ్లాం. ఎక్స్‌రే గదిలో ఎవరు? క్యాసెట్! తెల్లకోటులో. పెద్ద టెక్నీషియన్ భోజనానికి వెళ్లాడట. మా ఆవిడ మందుల షాపుకి వెళ్లింది.

ఎక్స్‌రే బాగానే తీశాడు. తీసి, బయటికొచ్చి, తలుపు మూసి, వాచీ చూసుకుంటూ బెంచీ మీద కూర్చున్నాడు.

"ఆవిణ్ణి దించవేంరా?"

"ఇరవై నిమిషాలాగాలి కదా సార్. లోపల కిరణాలుంటాయి."

"సున్నా అని రాశావు కదరా!"

"అది పరీక్షకి సార్. ఇది నిజం గది."

"మరి లోపల ఆవిడో?"

"ఆవిడకి ఎలాగూ తగిలాయి కదా సార్."

లోపల్నుంచి కేక. "అల్లుడూ! నన్నిక్కడే వదిలేశారా? కాలు కిందపెట్టలేను, చలేస్తోంది!"

వాణ్ణి నాలుగు తిట్టి తలుపు పిడి పట్టుకున్నాను. తిప్పలేదు. వాడంత ధీమాగా కూర్చుంటే, ఒకవేళ... అనిపించింది. నా సర్వీసంతా చెప్పిన పాఠం! ఒకవేళ ఏమిటి? ఏమీ లేదు. అయినా చెయ్యి కదల్లేదు. లోపల పెద్దావిడ కేకలు పెడుతూనే ఉంది.

మా ఆవిడ మందుల సంచీతో వచ్చింది. "మా అమ్మ అరుస్తుంటే ఇద్దరూ బయటే ఉండిపోయారేంటి?" అని నన్ను పక్కకి నెట్టి, లోపలికెళ్లి తల్లిని దించింది. ఇంటికొచ్చేదాకా అత్తగారు నాతో మాట్లాడలేదు. సిగ్గుతో చచ్చాను.

బయల్దేరుతుంటే క్యాసెట్ దగ్గరికొచ్చాడు. "సార్, మీరూ ఆగారు కదా. ఎందుకు సార్?"

వాడి నోటి వెంట "ఎందుకు" అన్న మాట రావడం ఇదే మొదలు. దానికోసమే కదా నేను ఇంత తంటాలు పడింది!

"జాగ్రత్త కోసం" అన్నాను.

వాడు జేబులోంచి కాగితం తీసి రాసుకున్నాడు.

జూలై 15, సోమవారం

కొత్త బ్యాచ్. మొదటి రోజే ఆ ప్రశ్న వేశాను. చేతులన్నీ ఒక్కసారే లేచాయి! ముందు బెంచీ అమ్మాయిని లేపాను.

"ఇరవై నిమిషాలు సార్. జాగ్రత్త కోసం."

"ఎవరు చెప్పారమ్మా?"

"సీనియర్ చెప్పాడు సార్. మీరే చెప్పారట."

నిర్ణయం తీసేసుకున్నాను. రేపటినుంచి బట్టీకి మార్కుల్లేవు. "సార్ చెప్పారు" అన్నవాళ్లకి అసలే లేవు.