బిర్గితమ్మ చేప ఊరగాయ

తనకల్లు, మంగళవారం.

ఎలిజబెత్, దేవుని దయ వల్ల ఒళ్లు బాగుంది, మనసే బాగాలేదు.

ఈస్టర్ ఆరాధన అయ్యాక మన ఆసుపత్రి స్వీడన్ నర్సు బిర్గితమ్మ, చర్చిలో అందరికీ తన దేశపు పండుగ భోజనం పెట్టింది. ఉడికించిన గుడ్లు, ఉర్లగడ్డలు, వాటి పక్కన వెనిగర్, చక్కెర, ఎర్రగడ్డల్లో ఊరిన చేప ముక్కలు. ఆ చేప పొయ్యి ఎక్కలేదని వినగానే లేచి నిలబడ్డాను. పస్కా గొర్రెపిల్లను పచ్చిగా తినకూడదన్న ఆజ్ఞ ఎత్తి, ఎవరూ ముట్టొద్దని పాస్టరు గొంతుతో గర్జించాను. జనమంతా విస్తళ్లు వదిలి లేచారు. చర్చి ఊడ్చే గంగక్క మాత్రం కదల్లేదు.

"ఏమప్పా, నీ పెండ్లాము పెట్టిన నిమ్మకాయ ఊరగాయ ఉడకబెట్టుకొని తింటాండావా? ఆ మాట గొర్రెకు చెప్పిండేది, చేపకు కాదు" అంది.

బిర్గితమ్మ సీసాలకు మూతలు పెట్టుకుంది. మన మధ్య ఆమెకు అదే చివరి పండుగ. మర్నాడు క్షమించమని అడగడానికి నేను వెళ్లేసరికే బెంగళూరు బస్సెక్కింది.

వచ్చే వారం బుధవారం దాకా అక్కడే, నువ్వున్న మన కూతురింటి వీధి చివరి మిషన్ బంగళాలో ఉంటుందట, తర్వాత స్వదేశానికి. ఫోనులో చెబితే నా నోరు మళ్లీ ప్రసంగం ఎత్తుకుంటుందని ఈ కార్డు.

జాయ్‌కు కాన్పు ఎప్పుడన్నారు? ఉలవల డబ్బా ఎక్కడ పెట్టినావో రాయి.

బిర్గితమ్మ దగ్గరికి తప్పక వెళ్లు. నా తరఫున వాక్యాలేవీ చెప్పొద్దు. మా ఆయన తప్పు చేసినాడు, సిగ్గుపడుతున్నాడు అని మాత్రం చెప్పు. చేప మిగిలుంటే అడిగి పెట్టించుకుని, ఆమె ఎదురుగా కూర్చుని తిను.

బిడ్డకు నా దీవెనలు.

నీ నతానియేలు