బాపు నెత్తురు చెప్పిన మాట

బుధవారం, కట్టంగూర్

అంతరిక్షానికి వెళ్లొచ్చినవాళ్ల నెత్తురులో రేడియేషన్‌కు ఎన్ని క్రోమోజోములు తెగాయో లెక్కపెట్టడం నా పని. పోల్చి చూడటానికి రేడియేషన్ తగలని మనుషుల నెత్తురు కూడా కావాలి. బతుకమ్మకు ఊరికి వచ్చినప్పుడు మా బాపు నెత్తురు నేను తీసుకెళ్లింది అందుకే. గొర్లు కాచుకునే మనిషి. ఎక్స్‌రే కూడా తీయించుకోలేదంటే నమ్మి, ఫారంలో అదే రాశాను.

మొన్న మైక్రోస్కోపులో చూస్తే, తెగి తప్పుగా అతుక్కున్న క్రోమోజోములు వ్యోమగాముల నెత్తురులో కంటే బాపు నెత్తురులోనే ఎక్కువున్నాయి.

ఈరోజు పొద్దున బస్సు దిగి నేరుగా గొర్ల దొడ్డికి పోయాను.

"బాపూ, నీకు కరెంటు పెట్టిన్రా?" అని అడిగాను. క్యాన్సర్‌కు రేడియేషన్ ఇవ్వడాన్ని మా ఊళ్లో అట్లే అంటారు.

మందను లెక్కపెట్టేటప్పుడు బాపు మాట్లాడడు. చివరి గొర్రె దొడ్డి దాటాక మెడకున్న తువ్వాల తీశాడు. గొంతు దగ్గర చర్మం కమిలి నల్లబడింది.

"ఎండకాలంల పెట్టిన్రు బిడ్డా. చెప్తే పని ఇడిచిపెట్టి ఒస్తవని చెప్పలే."

"మరి నెత్తురెందుకిచ్చినవ్?"

"నువ్వు అడిగినవ్ గదా."

బతుకమ్మకు వచ్చినప్పుడూ ఆ తువ్వాల మెడకే ఉంది. ఎండకు చుట్టుకున్నాడనుకున్నాను. జబ్బు తగ్గిందా లేదా అని అడగకుండానే, ఆ తువ్వాల తీసుకుని మళ్లీ బాపు మెడకు చుట్టాను.

సోమవారం ల్యాబుకు వెళ్లగానే ఆ ఫారం దిద్దాలి. రేడియేషన్ తగలని మనుషుల వరుసలోంచి బాపు పేరును నా చేత్తోనే కొట్టేయాలి.