మగ్గు దెబ్బ

2006 జూన్, మంగళవారం రాత్రి
అమీర్‌పేట హాస్టల్

ఇవాళ నేనొక మనిషిని కొట్టాను. ఇరవై మూడేళ్లలో మొదటిసారి. అదీ ప్లాస్టిక్ మగ్గుతో, నా రూమ్మేట్ స్వరూపని.

సాయంత్రం నీళ్ల ట్యాంకర్ వచ్చేసరికి, వరసలో ముందున్న నా బకెట్‌ని వెనక్కి నెట్టి తనది పెట్టింది. ఇక్కడ రోజూ జరిగేదే. ఇవాళ మాత్రం చెయ్యి లేచిపోయింది.

"చదువుకున్న ఆడపిల్లలు గిట్ల కొట్టుకుంటరా?" అని వార్డెన్ ఆంటీ ఒకటే అరుపులు.

పొద్దున పంజాగుట్టలో ఇంటర్వ్యూ చేసినాయన "పెళ్లయితే మానేస్తారు కదమ్మా" అంటే నవ్వి ఊరుకున్నాను. తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఒకడు పనిగట్టుకుని మీద పడుతుంటే నేనే పక్కకి జరిగాను. పైగా వాడికి సారీ చెప్పాను!

స్వరూప నుదుటి బొప్పికి తడిగుడ్డ అద్దుతూ ఇదంతా చెప్పి ఏడ్చాను.

"అంటే, ఆళ్లిద్దరి దెబ్బలు సుత నాకే పడ్డయా?" అంది.

"సారీనే."

"నీ సారీ ఎవలికి గావాలె? రేపు బస్సెక్కేటప్పుడు గా మగ్గు బ్యాగుల ఏసుకో."

ఇప్పుడే పెట్టి చూశాను. పిడి బయటికి కనిపిస్తోంది. ఉండనీ, చేతికి అందుతుంది.