గార తీయించాక అమ్మమ్మ పన్ను

మంగళవారం, రాత్రి

అమ్మమ్మ కింది పన్ను ఊగుతోంది. పోయిన వారం బతిమాలి టెక్కలి పళ్ల డాక్టరమ్మ దగ్గరకు తీసుకెళ్లింది నేనే. కోత అక్కర్లేదని చెప్పి, చిగురు లోపలి దాకా పేరుకున్న గార గీకేసింది. ఆపైన చుట్ట మానేస్తే పళ్లు నిలుస్తాయంది. గార అన్న మాట ఎంతో నచ్చి, బస్సులో దారంతా అనుకుంటూ వచ్చాను. ఇప్పుడు ఆ మాటంటేనే భయం.

"ఆ గారే పన్నుని పట్టుకున్నాదే! గీకించేసినావు, ఊడిపోతన్నాది," అంది మధ్యాహ్నం చేపలు ఆరబెడుతూ.

"ముందే ఊగేది కదా అమ్మమ్మా! వాపు తీస్తే చిగురు మళ్లీ బిగుస్తాదంట."

"నీ సదువు నా పళ్లమీదేటే? ఎండుసేపని నీ పుస్తకం నములుతాదేటి?"

నవ్వొచ్చింది. కానీ నిజంగానే ఊడిపోతే?

సాయంత్రం నొప్పంటూ చుట్ట తీసింది. సముద్రపు గాలికి ఆరిపోకుండా నిప్పున్న కొసను నోట్లో పెట్టుకోవడం ఆమెకు పడుచుతనం నుంచీ అలవాటు. అగ్గిపెట్టె దాచేశాను. తిడుతుందనుకున్నాను. చెంప పట్టుకుని, చిన్నగా, "ఇయ్యవే, నా తల్లి కదూ" అంది.

ఆమె వైపు చూడకుండా ఇచ్చేశాను.