తొమ్మిదో మంచం పాప

జనన మరణాల నమోదు అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: రిజిస్టరులో నా పేరుకు ఎదురుగా ఉన్న మరణ నమోదును తొలగించి, జనన ధ్రువపత్రం ఇప్పించుట గురించి.

నర్సు శిక్షణకు నాకు సీటు వచ్చింది. ఈ నెల ముప్పయ్యో తేదీలోగా జనన ధ్రువపత్రం చూపకపోతే అది మరొకరికి పోతుంది. అందుకే ఇప్పుడు రాయక తప్పడం లేదు. మా ఇంట్లో బడికి వెళ్లినదాన్ని నేనొక్కదాన్నే కనుక నేనే రాస్తున్నాను. నా పేరు ఎలా వచ్చింది, దాని అర్థమేమిటి, ఆ పేరు గలవారు ఈ చుట్టుపక్కల ఎందరు అని తమ కార్యాలయం వారు వివరణ కోరారు. సమర్పించుకుంటున్నాను.

1. పేరు వచ్చిన విధము. మా అమ్మ దారం మిల్లులో కండెలు చుడుతుంది. నేను పుట్టిన ప్రసూతి వార్డులో, ఇంకా పేరు అనుకోని ఆడబిడ్డ చేతిపట్టీ మీద ఆయా "పాప" అని రాసేది. రిజిస్టరులోనూ అదే రాయించి, తల్లి పేరు గడిలో మంచం నంబరు వేయించేది. ఇంటివాళ్లు ఏడాదిలోగా వెళ్లి అసలు పేరు రాయించుకోవాలట. మా మిల్లు క్వార్టర్లలో ఆ సంగతి ఎవరికీ తెలియదు. నాన్న వేరే పేరు పెడదామంటే అమ్మ ఒప్పుకోలేదు. "ఆఫీసువాళ్లు రాసి చేతికి కట్టిన పేరు. మనం కొట్టేస్తే ఊరుకుంటారా?" అందట. ఆ పట్టీని ఇన్నాళ్లూ ట్రంకు పెట్టెలో దాచింది. జతపరిచాను.

2. అర్థము. తమకు తెలిసినదే. బడిలో టీచరు పేర్ల అర్థాలు రాసుకు రమ్మంటే అందరూ పేజీ నింపారు, నేను అర లైను రాశాను. "అంతేనా?" అన్నారు. "అంతేనండి" అన్నాను.

3. వాడుక. ఆ నెలలో అదే వార్డులో పుట్టి ఆ పేరే ఉండిపోయినవాళ్లం ఏడుగురం. కొళాయి దగ్గర ఎవరైనా "పాపా" అంటే నాలుగు తలలు తిరుగుతాయి. అందుకని కుట్టు పాప, మెట్ల పాప అంటూ పిలుచుకుంటారు. నన్ను పుస్తకాల పాప అంటారు.

4. ఆ ఏడుగురిలో ఒక బిడ్డ, ఆరో మంచం బిడ్డ, నెల తిరగకుండానే పోయింది. ఆయా ఆఫీసుకు వచ్చి "పాప పోయిందండీ" అని చెప్పి వెళ్లింది. ఏ మంచమని ఆమె చెప్పలేదు, రాసుకున్నవారు అడగలేదు. పేజీలో అన్నిటికంటే పైన ఉన్న పాపకు ఎదురుగా రాసేశారు. ఆ వరుస నాది.

5. ఈ సంగతి గుమాస్తా గారికి మూడు సార్లు విన్నవించుకున్నాను. "చూడమ్మా, నువ్వు బతికే ఉన్నావని నాకు కనిపిస్తూనే ఉంది. రిజిస్టరుకు కనిపించాలిగా" అన్నారు. మరణ నమోదు దిద్దాలంటే మరణం తెలియజేసినవారే దరఖాస్తు పెట్టాలట. ఆ ఆయా చనిపోయి నాలుగేళ్లయింది. తమరిని కలుస్తానంటే టోకెన్ తెచ్చుకోమన్నారు. టోకెన్‌కు జనన ధ్రువపత్రం అడిగారు. ఆ వరండాలో బెంచీ మీద కూర్చుంటే, ఎటు తిరిగినా మళ్లీ అదే బెంచీకి వస్తున్నానని అర్థమైంది. మన్నించాలి, ఇది ఫిర్యాదు కాదు, నా స్థితి.

6. చివరకు, పోయినది నేను కాదని మిగతా పాపల చేత రాయించుకు రమ్మన్నారు. అయిదుగురి దగ్గరకూ వెళ్లి సంతకాలు తెచ్చాను. "నేను కూడా బతికే ఉన్నానని గట్టిగా రాయవే, మా అత్తగారికి చూపిస్తా" అంది మెట్ల పాప.

7. పోయినది తన బిడ్డేనని ఆరో మంచం తల్లి చేత కూడా రాయించాలి. ఆమె మిల్లు క్యాంటీన్‌లో గిన్నెలు కడుగుతుంది. నేను అత్తా అని పిలుస్తాను. చెయ్యి తుడుచుకుని అడిగింది.

"నా పిల్ల పోయిందని ఎక్కడ రాశారే?"

"నా పేరు పక్కన, అత్తా."

"మరి దాని పేరు పక్కన?"

"ఏమీ రాయలేదు."

"అంటే అక్కడ అది బతికే ఉందా?"

ఆమె ఒక గిన్నెను కడిగిందే కడుగుతూ కూర్చుంది. "అయితే నీ ఈడుకు వచ్చుంటుంది" అంది. నేను కాగితం మడిచి లేవబోయాను. ఆమే నా చెయ్యి పట్టుకుని ఆపి, కాగితం మీద తన వేలిముద్ర వేసింది.

కావున తమరు ఈ సంగతులన్నీ విచారించి, నా వరుసలోని నమోదును తొలగించి, నేను జీవించి ఉన్నట్లు ధ్రువీకరించ ప్రార్థన. దయతో చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
పాప
(తొమ్మిదో మంచం)

తా.క. నా వరుసలోంచి తీసినది ఆమె బిడ్డ వరుసలో రాయాల్సి వస్తుంది. ఇది అడుగుతున్నది నేనే కాబట్టి నాకు నిద్ర పట్టడం లేదండి. అత్తకు అదే చెప్పాను. "నీ బతుకు నువ్వు తెచ్చుకోవే. కానీ పోయిందని రాసే ముందు దానికి ఒక పేరు రాయమను. అప్పుడే అనుకున్నాను, అడిగినవాళ్లే లేరు" అంది. ఏం పేరని నేను అడిగితే చెప్పలేదు, రాసేవాళ్లకే చెబుతానంది. ఆమెకు టోకెన్ లేదు. మేమిద్దరం ఏ రోజు రావాలో ఇరవై ఎనిమిదో తేదీలోగా ఒక్క ముక్క రాయించండి.