ఒక గుడ్డు ఎక్కువ

బతా, రియాద్,
శుక్రవారం.

నా బంగారు తల్లి కీర్తనకు, ప్రభువు నామంలో మీ నాన్న యిర్మీయా ముద్దులతో, దీవెనలతో రాస్తున్నది. ఇక్కడ నేనూ, నా మోకాళ్ళూ, మెస్సులో నా పొయ్యిలూ అందరం క్షేమమే. సింగపూర్‌లో నువ్వు క్షేమమని నీ ఉత్తరం విప్పగానే తెలిసింది. ఒంట్లో బాగాలేని పిల్ల తిండి గురించి నాలుగు పేజీలు రాయదు కదా!

ఫోన్లో మాట్లాడక ఈ కాగితాలేమిటి నాన్నా అంటావు. ఫోన్ పట్టుకుంటే గదిలో అందరి చెవులూ ఇటే తిరుగుతాయి తల్లీ. పైగా ఫోన్లో నువ్వు "ఊ" అంటావు, నేను "ఆ" అంటాను, అంతలో ఎవరో పప్పు మాడుతోందని కేకేస్తారు. అందుకే రాస్తున్నాను. కాగితాలు ఫొటో తీసి నీకు పంపేది మన చెంచయ్యే, అదే, నాతో వంటింట్లో కూరగాయలు కోసే కడప చెంచయ్య. ఫొటో తీసేటప్పుడు చదవనని ఒట్టేశాడు. చదువుతాడు.

ముందు సంతోషం చెప్పనీ. నువ్వు జున్ కియాట్‌ని పెళ్ళి చేసుకుంటానని రాసిన రోజు నేను గరిటె పట్టుకునే కేక వేశాను. ఆ రోజు బిర్యానీలో ముక్కలు ఎక్కువ పడ్డాయి. మా మెస్సు యజమాని అబ్దుల్ హమీద్ మూత తీసి చూసి, "క్యా యిర్మీయా భాయ్, ఆజ్ బకరా ముఫ్త్ మే మిలా క్యా?" అన్నాడు, ఈ రోజు మేక ఊరికే దొరికిందా అని. నా బిడ్డ పెళ్ళండీ అన్నాను. మనిషి మూత పెట్టి వెళ్ళిపోయి, జిలేబీ పొట్లంతో వచ్చాడు! అబ్బాయి ఫొటో అందరికీ చూపించాను. పెయింటు పనిచేసే కరీంనగర్ నర్సింలు లేడూ, వాడు చాలాసేపు చూసి, "పిలగాడు మంచిగున్నడే అన్నా. గని నీ బిడ్డ పక్కన నిలవడ్డంక జర బుగులువడ్డట్టు కొడుతున్నడు" అన్నాడు. భయపడితే మంచిదే అన్నాను. మీ అమ్మను చేసుకున్నప్పుడు నా ఫొటో కూడా అలాగే ఉంటుంది.

నువ్వడిగినవాటికి జవాబులు. బీపీ మాత్రలు వేసుకుంటున్నాను. మోకాళ్ళకు నువ్వు పంపిన పట్టీలు వేసుకుంటే చెంచయ్య "క్రికెట్ ఆడేకి పోతాండావా సామీ?" అంటున్నాడు, అయినా వేసుకుంటున్నాను. నా వీసా చూసే కఫీల్‌తో మాట్లాడాను, పెళ్ళికి వచ్చి తిరిగి వెళ్ళేలా ఎగ్జిట్ రీఎంట్రీ కొట్టిస్తానన్నాడు. మీ అమ్మ సుందరి నరసాపురం నుంచి ఫోన్ చేసి, సింగపూర్‌కి ఏ చీర కట్టుకోవాలో తేల్చుకోలేక నా ప్రాణం తీస్తోంది. పిల్లాడి ఇంటి సంగతి ఏమంటావే అంటే, "వాళ్ళూ చర్చికి వెళ్ళేవాళ్ళే, ఇంకేం కావాలి? తండ్రి వంటవాడంట కదా, వంటవాళ్ళ సంగతి మీరే చూసుకోండి" అనేసింది.

ఇక నీ చివరి ప్రశ్న, నీకు మామగారు కాబోయే కోహ్ గారి సంగతి. దాన్ని రెండుసార్లు ఫోన్లో కూడా అడిగావు, రెండుసార్లూ నేను నెట్‌వర్క్ లేదన్నాను. "నాన్నా, పెళ్ళి భోజనం తనే వండుతానని కోహ్ అంకుల్ అంటున్నారు, నీకు ఇష్టమేనా?" అని. దానికి జవాబు చెప్పాలంటే మొదటినుంచీ చెప్పాలి. ఓపిగ్గా చదువు.

నువ్వు సింగపూర్ వెళ్ళిన కొత్తలో హాస్టల్లో బ్రెడ్డు తిని పడుకుంటున్నానని రాసేదానివి. నాకు ఇక్కడ అన్నం దిగేది కాదు. తర్వాత సెలవు దొరికినప్పుడల్లా ఊళ్ళు పట్టుకుని తిరగడం మొదలుపెట్టావు. పెనాంగ్‌లో రోడ్డు పక్క బండి దగ్గర ముసలామె పెనం మీద సముద్రపు గుల్లలూ గుడ్డూ కలిపి అట్టు వేస్తుంటే నిలబడి తిన్నావట. కౌలాలంపూర్‌లో బొగ్గుల మీద వరసగా మట్టికుండలు, ఒక్కో కుండలో ఒక్క మనిషికి అన్నం, అడుగున మాడు గీక్కుని తినడానికి పోటీలట! సింగపూర్‌లో ఒకచోట ఉడకబెట్టిన కోడి, పక్కన అన్నం, దానికోసం ఎండలో క్యూ! ఉడకబెట్టిన కోడికి క్యూ ఏమిటమ్మా? కారం లేదు, మసాలా లేదు, జ్వరమొచ్చినవాడి పథ్యం అది. "నాన్నా, ఆ అన్నం కోడి నీళ్ళతోనే వండుతారు, గింజగింజకీ రుచి" అని రాశావు. ఆ మాట చదివి ఆ రోజు నా పప్పులో ఉప్పు వేయడం మరిచిపోయాను.

నీ ఉత్తరాల్లో నేను వెతికింది ఒక్కటే మాట. "ఎన్ని తిన్నా నీ వంట ముందు ఇవేం లెక్క నాన్నా" అని ఎక్కడైనా రాశావేమోనని. కాగితం తిరగేసి కూడా చూశాను. రాయలేదు!

అప్పుడొచ్చాడు కోహ్ గారు. నైట్ డ్యూటీ దిగి ఆయన స్టాల్ ముందు నిలబడ్డావట, ఏం కావాలో చెప్పడానికి కూడా నోరు లేవలేదట. ఆయన నీ ముఖం ఒకసారి చూసి, ఏమీ అడగకుండా, ఆ వెడల్పాటి బియ్యం నూడుల్స్‌లో అందరికీ వేసేదానికన్నా ఒక గుడ్డు ఎక్కువ వేసి ఇచ్చాడట. అది తిని ఏడ్చానని రాశావు. ఎవరో ముక్కూ మొహం తెలియని ఆయన నా కూతురి ముఖం చూసి గుడ్డు కొట్టాడు! దాని తర్వాత ప్రతి ఉత్తరంలోనూ కోహ్ అంకులే. కోహ్ అంకుల్ మూకుడు ఇలా ఎగరేస్తాడు, కోహ్ అంకుల్ మంట అలా పెడతాడు. సెలవురోజుల్లో ఆయన కొడుకు స్టాల్లో ప్లేట్లు అందిస్తాడని మాత్రం ఆరు ఉత్తరాల తర్వాత గాని చెప్పలేదు, దొంగా!

కుళ్ళుకున్నాను తల్లీ. మర్యాదకి ఇంకో మాట వెతికాను, దొరకలేదు. రోజుకి మూడు పూటలు వందలమందికి పెట్టే చెయ్యి నాది. నా కూతురు ఏడుస్తూ తిన్నది మాత్రం ఇంకొకడి చేతి కూడు. ఇప్పుడు పెళ్ళి భోజనం కూడా ఆయనేనా? పెళ్ళికూతురి తండ్రి వంటవాడై ఉండి, చేతులు కట్టుకుని కుర్చీలో కూర్చోవాలా? బంతిలో విస్తరి ముందు నేనూ ఒక చుట్టాన్నా?

సరే, ఆ వంటలో అంత ఏముందో చూద్దామనుకున్నాను. ఇక్కడ ఫిలిప్పీనోల కొట్లో ఆ ఎండు నూడుల్స్, నల్ల సోయా సాస్ దొరికాయి. పంది కొవ్వు వేస్తారని రాశావు, ఇక్కడ దాని పేరెత్తకూడదు, కోడి కొవ్వు కరిగించాను. శుక్రవారం మెస్సు మొత్తానికీ అదే పెడతానని అబ్దుల్ హమీద్‌కి చెప్పి, పెద్ద దేగిశా ఎక్కించాను. నూడుల్స్ అన్నీ ఒకేసారి పోశాను. నా చెయ్యి ఊరుకోదు కదా, అల్లం వెల్లుల్లి, కాస్త గరం మసాలా కూడా పడ్డాయి. మూత పెట్టి దమ్ములో ఉంచాను! మూత తీసేసరికి నూడుల్ అనేది లేదు. నల్లటి ముద్ద. గరిటె నిలబెడితే నిలబడింది.

అదే రోజు ఇంకో సంగతి. సింగపూర్‌లో బల్ల మీద టిష్యూ పేపర్ ప్యాకెట్ పెట్టి వెళితే ఆ చోటు మనదే, ఎవరూ కూర్చోరని రాశావు కదా. నా చోటుకని ఒకటి పెట్టి వెళ్ళాను. చెంచయ్య వచ్చి, దాంతో మూతి తుడుచుకుని, నా చోట్లోనే కూర్చున్నాడు. నర్సింలు నా ముద్దను వేలితో నొక్కి చూసి, "యిర్మీయన్నా, ఇది కూరనా, గోడకు పెట్టే లప్పమా? రెండు గదులకు సరిపోతది" అన్నాడు. మెస్సంతా నవ్వు. ఆ పూట అందరూ పెరుగన్నం తిని వెళ్ళారు.

ఇప్పుడు నీకు చెప్పకుండా దాచిన సంగతి. కోప్పడకు. జున్ కియాట్‌కి మెసేజ్ పెట్టి వాళ్ళ నాన్న నంబరు తీసుకున్నాను. నీకు చెప్పొద్దని నేనే బతిమాలాను, అతని తప్పేమీ లేదు. దేనికంటే, పోట్లాడటానికి! ఇంగ్లీషు కూడా సిద్ధం చేసుకున్నాను. "మేరేజ్ ఫుడ్ మై ఫుడ్. ఐ ఫాదర్. ఐ కుక్." ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ వీడియో కాల్ చేశాను.

ఆయన ఎత్తాడు. ఫోన్ని ఏదో సీసాకి ఆనించి, వేలు చూపించాడు, ఒక్క నిమిషం అన్నట్టు. బేరం ఉంది. ఎదురుగా ఎవరో ముసలమ్మ నిలబడి ఉంది. ఆయన మూకుట్లో కొవ్వు వేశాడు, మంట మూకుడు దాటి లేచింది, నూడుల్స్ పడ్డాయి, గరిటె టకటకలాడింది, మొలకలు, గుల్లలు, గుడ్డు. ఆఖర్న తల ఎత్తి ఆ ముసలమ్మ ముఖం చూశాడు. కారం సీసా అందుకున్నవాడల్లా మళ్ళీ పెట్టేశాడు. ఒక్క ప్లేటు. ఆమె చేతికిచ్చాడు. మూకుడు కడిగాడు. మళ్ళీ మొదటినుంచీ ఇంకొకరికి.

నా ఇంగ్లీషంతా ఎగిరిపోయింది కీర్తనా. నేను గోడకి ఇవతల వండుతాను. కిటికీలోంచి గిన్నెలు వెళ్తాయి, ఖాళీ గిన్నెలు వస్తాయి. ఎవరు తిన్నారో, ముఖం ఎలా పెట్టారో నాకు తెలియదు. సెలవుకి ఇంటికొచ్చినా వీధంతటికీ వండి దేగిశా దింపేవాణ్ణి, నువ్వు ఆ జనంలో ఎక్కడో కూర్చుని తినేదానివి. నా జీవితంలో ఒక్క మనిషికని ఒక్క ప్లేటు వండలేదు. ఆయన పొద్దుటినుంచీ చేసేది అదొక్కటే!

తర్వాత ఆయన, "యూ కుక్? షో" అన్నాడు. ఫోన్ని నా దేగిశా వైపు తిప్పాను, బిర్యానీ దమ్ము మీద ఉంది. ఆయన కళ్ళు ఇంతయ్యాయి. "అయ్యో! సో బిగ్!" అన్నాడు. వాళ్ళూ అయ్యో అనే అంటారటమ్మా! మూత తీసి చూపించమన్నాడు, కలపకుండా అడుగంటకుండా ఎలా వస్తుందని చేతులతో అడిగాడు, పక్క స్టాల్ ఆయన్ని కూడా పిలిచి చూపించాడు. ఆ ముఖంలో ఏముందో నాకు తెలుసు, నాలుగు నెలలుగా అద్దంలో చూస్తున్నదే. ఆయనకీ కుళ్ళే! నా ప్రాణం ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

అప్పటినుంచీ నా మధ్యాహ్నం వంటకు ముందు, అక్కడ బేరం పలచబడ్డ వేళ మాట్లాడుకుంటున్నాం. నేను బావగారూ అంటాను, ఆయన "బావా" అంటాడు. నా ముద్ద కథ చేతులతో చెబితే పొట్ట పట్టుకుని నవ్వాడు. తర్వాత వేలు చూపించి, "వన్ ప్లేట్, బావా. వన్ ప్లేట్" అన్నాడు. మూకుడు కొన్నాను. మసాలా డబ్బా చెంచయ్యకిచ్చి దాచేయమన్నాను. మొదటిసారి మాడింది, తర్వాత ముక్కలైంది.

ఈ రోజు కుదిరింది తల్లీ! మెరుస్తూ, దేనికది విడివిడిగా, గుడ్డు అక్కడక్కడా అంటుకుని. ప్లేట్లో వేశాక గరిటె పట్టుకుని నిలబడిపోయాను. ఎవరి ముఖం చూడాలి? తీసుకెళ్ళి బల్ల చివర పెట్టి, ముందు ఒక టిష్యూ ప్యాకెట్ పెట్టాను. బల్లంతా నిండింది. నర్సింలు ఆ ఖాళీ చూసి కూర్చోబోయాడు. చెంచయ్య వాడి చెయ్యి పట్టుకున్నాడు.

"ఆడ కూర్చోవద్దుబ్బా. మనిషి ఉండారు."

"ఎవరున్నరే? కుర్సీ ఖాళీగున్నది."

"యిర్మీయన్న కూతురు."

నర్సింలు ప్లేటు చూశాడు, నన్ను చూశాడు, గోడ దగ్గరికి పోయి నిలబడి తిన్నాడు. అందరూ లేచేదాకా ఆ కుర్చీలో ఎవరూ కూర్చోలేదు. ఆఖర్న ప్రార్థన చేసుకుని నేనే తిన్నాను. చల్లారిపోయింది. అయినా బాగుంది. ఆయన వంట బాగుంటుంది, ఒప్పుకుంటున్నాను, నువ్వు ఊరికే ఏడవలేదు.

ఇక జవాబు. పెళ్ళికొచ్చినవాళ్ళందరికీ ఆయన ప్లేటుకో ప్లేటు వండుతూ కూర్చుంటే ఆఖరి బంతి తినేది మర్నాడు. కాబట్టి జనానికి నేను. చర్చి వెనక వంటగది ఉందన్నావుగా, పెద్ద దేగిశా ఎక్కడ అద్దెకి దొరుకుతుందో కనుక్కో. బిర్యానీ నాది, పక్కన నిలబడి ఆయన నేర్చుకుంటాడట. మీ ఇద్దరి ప్లేటు ఆయనది. అది వదులుకోవడానికి నాకు మూడు రోజులు పట్టింది. పెళ్ళికూతురు తినే ప్లేటు కదా! ఊరికే వదల్లేదు, బదులుగా ఒకటి అడిగాను. పెళ్ళిరోజు పొద్దున్నే, నువ్వు తెల్లచీర కట్టుకోకముందు, మామూలు బట్టల్లో జడ వేసుకోకుండా స్టాల్ దగ్గరికి రా. ఆయన మూకుడు, ఆయన మంట, నా చెయ్యి. నువ్వు ఎదురుగా నిలబడు, ఏం కావాలో చెప్పకు, నేను నీ ముఖం చూస్తాను. బావగారు సరేనన్నాడు, ఆయన పక్కకి తప్పుకుని ప్లేటు అందిస్తాడు.

ఆయన నీకు ఒక గుడ్డు ఎక్కువ వేశాడు కదా. నేను రెండు వేస్తాను.

ఇట్లు,
కోహ్ గారికి కాబోయే వియ్యంకుడు, నీకు మాత్రం ముందునుంచీ నాన్న,
యిర్మీయా