జలుబుకి బ్రాందీ

14 డిసెంబర్ 2003, ఆదివారం

కోపం చల్లారితే మెత్తబడిపోతానని ఇప్పుడే రాస్తున్నాను. నిన్న టెక్కలి పెళ్ళిలో మనవరాలు సుజాత ఎవరో వదిలేసిన గ్లాసులో బ్రాందీ రుచి చూసింది. పదమూడేళ్ళ పిల్ల. పొద్దున్న కూర్చోబెట్టి, అది పిల్లల ఒంటికి విషమని అరగంట చెప్పాను.

అంతా విని, "మరి మామ్మా, సిన్నప్పుడు జలుబు సేత్తే తేనెలో సెంచాడు బ్రాందీ కలిపి నువ్వే పట్టీదానివి కదా, అదేటి?" అంది.

"అది వైద్యం" అన్నాను.

"అయితే నిన్న నాకు జలుబే."

కోడలు నవ్వాపుకుంటూ వంటింట్లోకి పోయింది. నోరు ముయ్యమని పిల్లని కసిరాను.

రేపు:
1. బీరువాలోని సీసా పారబోయాలి.
2. ఇకపై జలుబుకి మిరియాల కషాయమే.
3. అప్పుడు నేను చేసింది తప్పని సుజాతతో ఒప్పుకోవాలి. లేకపోతే ఇంకేం చెప్పినా అది నమ్మదు.